బల్లకు కట్టిన పుస్తకం

ఒక్క రైలు కూడా నడవని చోట నేను మూడేళ్ళు రైల్వే ఉద్యోగం చేశాను. పట్టా చూడలేదు, ప్లాట్‌ఫారం చూడలేదు, కూత వినలేదు. అయినా నా ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో ‘రైళ్ళ నిర్వహణ ప్రణాళిక’ అని ఉంది. దాన్ని చూసిన జూనియర్లు, “సార్, ఒమన్‌లో రైళ్ళు ఎలా ఉండేవి?” అని అడుగుతుంటారు. కాగితం మీద చాలా బాగుండేవి, ఒక్కటి కూడా లేటయ్యేది కాదు అని చెబుతుంటాను.

ముప్పై నాలుగేళ్ళకే ఉద్యోగ జ్ఞాపకాలేమిటి అనుకోకండి. రైల్వేల వరకు నేను రిటైరైనవాణ్ణే. ఇప్పుడు నీళ్ళ పైపులు వేసే కంపెనీలో ఉన్నాను. ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్ళ కోసం, అందులోనూ లెక్కలు తప్పని, అక్షరం తప్పని, ఫైలు పేరులో తేదీ వేయడం మరచిపోని బుద్ధిమంతుల కోసం ఇది రాస్తున్నాను. నేనూ ఆ జాతివాణ్ణే. నాకు పట్టికలంటే ప్రాణం. అడ్డగీతలు, నిలువుగీతలు, మధ్యలో గడులు. అందులో ఒక గడి ఖాళీగా ఉంటే అన్నం సయించదు. ఈ గుణాన్ని కాలేజీలో మెచ్చుకున్నారు, ఇంటర్వ్యూలో మెచ్చుకున్నారు. దానివల్ల ఏం జరిగిందో మాత్రం ఏ సర్టిఫికెట్‌లోనూ లేదు.

చమురు ధర ఇంకా నిలబడి ఉన్న రోజులవి. దేశమంతటినీ కలిపే పెద్ద రైలు మార్గం గురించి అందరూ మాట్లాడుతున్నారు. మా కన్సల్టెన్సీ ఆఫీసు మస్కట్ నగరంలోని ఖురంలో ఉండేది. మాకు దొరికినవి రెండు చిన్న పనులు. ఒకటి, ఇబ్రా వైపు పెద్ద లైను కోసం నేల పరీక్షలు. రెండోది, అల్ హైల్ వైపు శివార్ల నుంచి ఉదయం జనాన్ని నగరంలోకి తెచ్చి సాయంత్రం దింపే లోకల్ రైలు సాధ్యమేనా అని ఒక అధ్యయనం. ఆ రెండో పనిలో నాలుగో అధ్యాయం నాది. టోక్యో శివార్లలో నడిచే ఒక లైను చరిత్ర, అది నడిచే పద్ధతి రాసి, అందులోంచి మస్కట్‌కు ఏం పనికొస్తుందో చెప్పాలి. అది చాలదన్నట్టు, అన్ని పట్టికలూ బాగా వేస్తానని ఆఫీసు కార్ల డ్యూటీ రోస్టర్ కూడా నాకే అప్పగించారు.

నా అధ్యాయం కోసం ఆ లైనులో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనను సలహాదారుగా పిలిపించారు. పద్దెనిమిదేళ్ళకు ప్లాట్‌ఫారం మీద జనాన్ని పెట్టెల్లోకి తోసే పనిలో చేరాడట. తరువాత కండక్టరు, తరువాత డ్రైవరు, చివరి పన్నెండేళ్ళు గీతలు గీసేవాడు. గీతలు అంటే టైంటేబుల్. ఆయన తెచ్చిన పొడుగాటి కాగితాన్ని సమావేశపు బల్ల మీద పరిస్తే అటూ ఇటూ వేలాడింది. పైన అడ్డంగా గంటలు, పక్కన నిలువుగా స్టేషన్లు, ప్రతి రైలూ ఒక ఏటవాలు గీత. లోకల్ రైలు గీత మెట్లుమెట్లుగా దిగుతుంది. ఎక్స్‌ప్రెస్ గీత నిట్టనిలువుగా వచ్చి దాన్ని ఒక స్టేషన్ దగ్గర కోసుకుని పోతుంది. ఆ కోసుకునే చోట లోకల్ రైలు పక్క లైనులో ఆగి దారి ఇవ్వాలి. అక్కడ పదిహేను సెకన్లు తేడా వస్తే వెనకనున్న ఇరవై గీతలు వంకరపోతాయి.

ఆయన ఇంగ్లీషు నాలుగేసి మాటలుగా వచ్చేది. ఆ మాటలతోనే లైను పుట్టుక చెప్పాడు. మొదట అది మనుషుల కోసం వేసింది కాదు. నదిలోని గులకరాళ్ళు, ఇసుక నగరానికి మోయడానికి వేసిన ఒంటి లైను. రాళ్ళ పెట్టెల వెనక మనుషులకని ఒక పెట్టె తగిలించారు. నది అడుగు కుంగిపోయి ఇక రాళ్ళు తీయొద్దన్నాక కంపెనీకి మోయడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు లైను పక్కన వరిపొలాలు కొని, ఇళ్ళస్థలాలు చేసి అమ్మింది. కొన్నవాళ్ళు రోజూ ఉద్యోగానికి అదే రైలెక్కాలి. నగరం చివర స్టేషన్ మీద పెద్ద దుకాణం కట్టింది. రెండో చివర, ఊళ్ళ కొసన, పిల్లలు ఆడుకునే తోట పెట్టింది.

“తోట ఎందుకు?” అన్నాను రాసుకుంటూ.

“పొద్దున అందరూ నగరానికి వెళ్తారు. తిరిగి వచ్చే రైలు ఖాళీ. ఖాళీ రైలు నడపడం మా కంపెనీకి ఇష్టం లేదు.”

ఖాళీ గడి అంటే ఇష్టం లేని మనుషులన్నమాట. ఆ లైను నాకు వెంటనే నచ్చేసింది.

ఇక డ్రైవరు. ఆఫీసులో ముగ్గురు డ్రైవర్లుంటే, ఇబ్రా సైట్‌కు మనుషుల్ని తీసుకెళ్ళేవాడు కడప మనిషి. నలభై అయిదు దాటాయి. పద్నాలుగేళ్ళుగా ఒమన్‌లో ఉన్నాడు. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు, ఒమనీలతో అరబ్బీ, పోలీసుతో చిరునవ్వు. అల్ హైల్‌లో మా బిల్డింగ్ వెనక సందులోనే అతని రూమ్. కూతురు బీ ఫార్మసీ రెండో సంవత్సరంలో ఉంది. “పాప చదువు ఇంగ రెండేండ్లు సార్. అంతదాకా ఈ స్టీరింగు వదిలేది లేదు. ఆ పొద్దు బతాకా ముదీర్ మొగాన కొట్టి పోతా,” అనేవాడు. బతాకా అంటే అక్కడి గుర్తింపు కార్డు. ముదీర్ అంటే మేనేజరు. కొట్టే మనిషి కాదు గానీ, ఆ మాట అంటున్నప్పుడు సీటులో నిటారుగా కూర్చునేవాడు.

జపాన్ పెద్దాయన కారెక్కిన మొదటి రోజే వీళ్ళిద్దరికీ కుదిరింది. వాళ్ళ లైనులో డ్రైవర్లు ప్రతిదాన్నీ వేలితో చూపించి పైకి చెబుతారని, సిగ్నల్ పచ్చ అయితే దాన్ని చూపించి పచ్చ అంటారని, కన్నూ వేలూ నోరూ ఒకేసారి పనిచేస్తే పొరపాటు తగ్గుతుందని ఆయన చెప్పాడు. నేను తెలుగులోకి మార్చాను. కడపాయన పగలబడి నవ్వాడు.

“ఒంటిగా కూచోని చెయ్యి చూపిచ్చి మాట్లాడితే మా ఊర్లో తాయెత్తు కడతారు సార్, చాచాకు చెప్పండి.”

మరుసటి వారం నుంచి అతనే మొదలుపెట్టాడు. కారెక్కేముందు చుట్టూ తిరిగి, వేలు చాచి, “టైరు, ఠీక్. అద్దం, ఠీక్. పెట్రోలు, ఠీక్.” వెనక సీట్లో నేల పరీక్షల కుర్రాళ్ళు ఎగతాళిగా, “భాయ్ మీసం, ఠీక్!” అని అరిచేవాళ్ళు. అతను అద్దంలో చూసుకుని, “అది ఎప్పుడూ ఠీకే,” అనేవాడు.

నా అధ్యాయంలో చరిత్ర అయిపోయింది, నిర్వహణ అయిపోయింది. ‘మనం తీసుకోదగినవి’ అన్న చోట ఆగిపోయాను. పట్టాలు లేని చోట ఏం తీసుకుని చూపించగలను? అప్పుడు పెద్దాయన వాళ్ళ డ్రైవర్ల గదిలోని పుస్తకం గురించి చెప్పాడు. ప్రమాదం జరిగినవి కాదు, జరగబోయి తప్పినవి అందులో రాస్తారు. ఎవరైనా రాయవచ్చు. పేరు రాయరు. ఎవరినీ ఏమీ అనరు.

నాకు లడ్డూ దొరికింది. దీనికి పట్టాలు అక్కర్లేదు. మా ఆఫీసులోనే పెట్టి, ఫలితం చూపించి, అధ్యాయంలో జత చేయవచ్చు. మేనేజరును అడిగితే, “పెట్టుకోవయ్యా, నోటుబుక్కే కదా,” అన్నాడు. ఆ మేనేజరు రాజమండ్రి వైపు మనిషి. చెడ్డవాడని రాయాలని నాకు చాలాసార్లు అనిపించింది. కాదు. అందరిలాంటివాడే.

డ్రైవర్లు టీ తాగే గదిలో బల్ల మీద పుస్తకం పెట్టాం. పెద్దాయన తన సంచిలోంచి తెల్ల దారం తీశాడు. పుస్తకం వెన్నుకు చిల్లు పొడిచి, దారం దూర్చి, రెండో కొసను బల్ల కాలికి ముడి వేశాడు. లాగి చూసి, మరో ముడి వేశాడు. మన బ్యాంకుల్లో పెన్నుకు కట్టినట్టు, ఎవరూ ఎత్తుకుపోకుండా అనుకున్నాను. అప్పుడు నేను పుస్తకం పేజీలకు వరసగా నంబర్లు వేస్తున్నాను.

రెండు వారాలు పుస్తకం తెల్లగానే ఉంది. తరువాత ఎవరో హిందీలో, మెట్ల మీద ఏసీ నీళ్ళు కారుతున్నాయి, జారబోయాను అని రాశారు. ఎవరో మలయాళంలో ఏదో రాశారు, చదివించుకుంటే ప్రింటరు దగ్గర వైరు సంగతి. నీళ్ళు ఆగాయి, వైరు సర్దారు. పుస్తకం పనిచేస్తోంది! కానీ కార్ల గురించి ఒక్క ముక్క లేదు. నాకు కావలసింది అదే. కడపాయనను అడిగాను.

“నువ్వేమీ రాయవేంటి భాయ్? రోజూ మూడొందల కిలోమీటర్లు తిరుగుతావు, ఒక్కసారీ ఏమీ తప్పిపోలేదా?”

టీ గ్లాసులోకి ఊదుతూ, “మన తప్పు మనమే రాసిచ్చేస్తే ఇంగ ముదీర్‌కి పనేముంటాది సార్?” అన్నాడు.

“పేరు ఉండదు. ఎవరూ ఏమీ అనరు.”

“ఎవురు చెప్పినారు?”

“నేను చెబుతున్నాను. నాదీ మాట.”

నా మొహం కేసి చూశాడు. “మీరు మాట అంటాండారు గదా. సరే,” అన్నాడు.

నాలుగు రోజుల తరువాత పుస్తకంలో పెన్సిలుతో, తెలుగులో, ఒక్కో అక్షరం విడివిడిగా ఇలా ఉంది:

‘ఇబ్రా నుండి వస్తా బిద్‌బిద్ దాటినాక మధ్యాహ్నం మూడున్నరకి కండ్లు మూసుకపాయ. ఒక్క క్షణమే. రోడ్డు అంచు గరగరకి మెలకువ వచ్చె. వెనక నలుగురు నిద్రలో ఉండిరి. వాళ్ళకి తెలీదు. పొద్దున మూడుకి లేస్తా ఉండ. ఏర్‌పోర్టు డ్యూటీ ఉన్న రోజు పండుకునేకి పదకొండు అయితాది.’

అది చదివినప్పుడు నాకు ఏమనిపించిందో దాచుకోకుండా రాస్తాను. భయం కలగలేదు. ఆ నలుగురి మీద, అతని మీద జాలి కలగలేదు. సంతోషం కలిగింది. ఎవరికీ తెలియని, ఎప్పటికీ తెలియని ఒక విషయాన్ని ఒక మనిషి తనంతట తానే రాశాడు. జపాన్ పద్ధతి ఒమన్‌లో పనిచేస్తుందనడానికి ఇంతకన్నా రుజువు ఏముంటుంది? నా అధ్యాయానికి ప్రాణం వచ్చింది.

అది నెలవారీ నివేదిక పంపవలసిన గురువారం. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు. మధ్యాహ్నం కూర్చుని పుస్తకంలోని పదకొండు సంగతుల్నీ పట్టికగా వేయడం మొదలుపెట్టాను. నిలువు వరుసలు ఇవీ: క్రమసంఖ్య, తేదీ, సమయం, స్థలం, వాహనం, వ్యక్తి, ఏం జరిగింది, కారణం.

‘వ్యక్తి’ వరుస ఎందుకు పెట్టానని మీరు అడగవచ్చు. నన్ను నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. ఆఫీసులో ప్రమాదాల ఫారం ఒకటి ఉండేది, దాని వరుసలే తీసుకున్నాను, అంతే. వరుస ఉంది కాబట్టి గడులు వచ్చాయి. గడులు వచ్చాయి కాబట్టి అవి ఖాళీగా ఉన్నాయి. తేదీ ఉంది, సమయం ఉంది, రోస్టర్ నా దగ్గరే ఉంది. ఆ రోజు ఇబ్రా కారు ఎవరిదో చూడటానికి అర నిమిషం పట్టలేదు. అసలు రోస్టర్ అక్కర్లేదు. తెలుగులో రాసే డ్రైవరు ఒక్కడే. పేరు టైపు చేశాను. ‘కారణం’ దగ్గర ‘డ్రైవర్ అలసట’ అని రాశాను. రెండే మాటలు, గడిలో చక్కగా పట్టాయి.

అసలు పేజీలు కూడా జత చేస్తే బాగుంటుందనిపించింది. స్కానరు పక్క గదిలో ఉంది. దారం అంత దూరం రాలేదు. ముడి విప్పబోతే రాలేదు. కత్తెర తెచ్చి కత్తిరించాను. పని అయ్యాక పుస్తకాన్ని జాగ్రత్తగా నా సొరుగులో పెట్టుకున్నాను. సాయంత్రం నాలుగింటికి నివేదిక పంపాను. క్లయింటుకు, మేనేజరుకు, ప్రతి ఫైలూ పేరులో తేదీతో.

ఆదివారం ఉదయం మేనేజరు గదికి రమ్మన్నారు. వెళ్ళేసరికి కడపాయన గోడ పక్కన నిలబడి ఉన్నాడు. బల్ల మీద నా పట్టిక ప్రింటు ఉంది. ఒక గడి చుట్టూ ఎర్ర సున్నా. క్లయింటు సేఫ్టీ ఆఫీసరు సెలవు రోజే చదివి ఫోన్ చేశాడట. నా నివేదికల్ని అంత శ్రద్ధగా ఎవరైనా చదవడం అదే మొదటిసారి.

“బండి నడుపుతూ నిద్రపోయావా?” అన్నాడు మేనేజరు అతనితో.

“నిద్రపోలేదు సార్. కండ్లు మూసుకుపాయ. ఒక్క క్షణం.”

“వెనకాల నలుగురున్నారంట?”

“ఉండిరి.”

“మరి చెప్పలేదేం?”

“చెప్పినా గదా సార్. రాసినా.”

మేనేజరు నా వైపు తిరిగాడు. “చూడవయ్యా, రోస్టర్ నువ్వే వేస్తావు కదా. డ్యూటీ గంటలు రూలు ప్రకారమే ఉన్నాయా?”

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి. రోస్టర్ ఒకటి కాదు, రెండు. సైట్ కార్లకు ఒక షీటు, విమానాశ్రయం డ్యూటీలకు ఒక షీటు. రెండూ నేనే తయారు చేశాను. దేనికదే చూస్తే గంటలు రూలు దాటలేదు. రెండింటినీ కలిపి చూడమని ఎవరూ అనలేదు. నేనూ చూడలేదు. ఆ గదిలో నిలబడ్డ క్షణంలో మాత్రం చూశాను. వారానికి రెండు రోజులు, రాత్రి పదకొండు నుంచి తెల్లవారి మూడు దాకా, ఆ మనిషికి నేను మిగిల్చింది నాలుగు గంటలు.

ఆ మాట చెప్పడానికి పది క్షణాలు చాలు. కడపాయన నా వైపు చూస్తున్నాడు. వేడుకోలుగా కాదు, మామూలుగానే. నేను చెబుతానని అతనికి నమ్మకం ఉంది కాబట్టి.

“రూలు ప్రకారమే ఉన్నాయండి,” అన్నాను.

అబద్ధం కాదు. నేను ఎప్పుడూ అబద్ధం రాయలేదు, చెప్పలేదు. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

“ఖలాస్,” అన్నాడు మేనేజరు. అంటే అయిపోయింది, అతని ఉద్యోగం కూడా. కడపాయన బయటికి వెళ్ళాక నాతో అన్నాడు: “నా మీద కోపం పెట్టుకోకయ్యా. నువ్వు రాయకపోతే నాకు తెలిసేది కాదు. తెలిశాక ఊరుకుంటే, రేపు ఆ బండి ఎక్కడన్నా బోల్తా కొడితే నా మెడకే చుట్టుకుంటుంది. అవునా?”

అవును. ఆ మాటలో తప్పు పట్టడానికి నేటికీ నాకు ఏమీ దొరకలేదు.

అప్పట్లో అక్కడ పాత కంపెనీ నుంచి ఎన్‌ఓసీ, అంటే వేరేచోట చేరితే మాకు అభ్యంతరం లేదనే కాగితం, లేకుండా మనిషి దేశం వదిలితే రెండేళ్ళ దాకా మళ్ళీ పనికి రావడానికి లేదు. క్లయింటుకు తెలిశాక ఎన్‌ఓసీ ఇవ్వలేం, నిద్రపోయిన డ్రైవర్‌ను ఇంకో కంపెనీ మీదికి ఎలా తోస్తాం అన్నాడు మేనేజరు. రెండేళ్ళు. కూతురి చదువుకు అతను లెక్కపెట్టుకున్న రెండేళ్ళే.

మధ్యాహ్నం పెద్దాయన టీ గదికి వెళ్ళి తిరిగి వచ్చాడు. చేతిలో జానెడు తెల్ల దారం. కొస కత్తెరతో తెగినట్టు నున్నగా ఉంది.

“పుస్తకం?” అన్నాడు.

సొరుగు తీసి చూపించాను. జరిగింది చెప్పాను. పట్టిక చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో వరుసా దిగుతూ చదివాడు. వేలు ‘కారణం’ గడి మీద ఆగింది.

“డ్రైవర్ అలసట. ఈ అలసటను గీసింది ఎవరు?”

వేలు ఆ గడి మీదే ఉంచి చెప్పాడు.

“మా లైనులో రైలు లేటైతే డ్రైవర్ దగ్గరికి చివర వెళ్తాం. మొదట గీతలు గీసినవాడి దగ్గరికి వస్తారు. నా దగ్గరికి వచ్చేవారు.”

అప్పుడు దారం సంగతి చెప్పాడు. ఆయన కండక్టరుగా ఉన్న రోజుల్లో, ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి పక్క లైనులోకి వెళ్ళిన లోకల్ రైలు ఆగవలసిన చోట ఆగలేదు. వానలో జారి, లైను చివరనున్న దిమ్మెను గుద్దింది. ముగ్గురు ఇంటికి తిరిగి వెళ్ళలేదు. వాళ్ళలో ఆ డ్రైవరు ఒకడు. ఆ స్టేషన్‌కు ఇచ్చిన టైము వానాకాలంలో చాలదని అతనికి ముందే తెలుసు. మూడుసార్లు గజం, రెండు గజాలు ముందుకు జారాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే యూనిఫాం తీసేసి, అందరూ చూస్తుండగా యార్డులో గడ్డి పీకిస్తారు. ఆ తరువాత డ్రైవర్లే ఆ పుస్తకం పెట్టుకున్నారు. వాళ్ళలో పెద్దవాడొకడు దాన్ని బల్లకు కట్టాడు.

“దొంగల కోసం కాదు. ఆఫీసర్ల కోసం. చదవాలంటే ఆఫీసరు మా గదికి రావాలి. టోపీ తీయాలి. నిలబడి చదవాలి. చదివి, వెళ్ళి, గీతలు మార్చాలి. పుస్తకం గది దాటకూడదు. గీతలు గీసేవాడిగా నేను పన్నెండేళ్ళు ప్రతి సోమవారం వెళ్ళి నిలబడి చదివాను.”

“ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదు?” అన్నాను. గొంతులో కోపం వినిపించి ఉంటుంది. తప్పు చేసినవాడికి ముందు వచ్చేది అదే.

“మీరు అడగలేదు. పేజీలకు నంబర్లు వేస్తున్నారు.”

ఆ సాయంత్రం రెండు రోస్టర్లనూ కలిపి ఒక్క షీటు చేశాను. ఎర్ర రంగులో ఆ నాలుగు గంటలు కనిపించేలా చేసి మేనేజరుకు పంపాను. ‘రోస్టర్‌లో లోపం నాది’ అని ఒక వాక్యం కూడా రాశాను. ఉదయం నోటితో చెప్పి ఉంటే పది క్షణాల పని. జవాబు మరునాడు వచ్చింది. ‘ధన్యవాదాలు. ఇకపై రెండు షీట్లూ కలిపి చూడగలరు.’ రోస్టర్ బాగుపడింది. మిగిలిన ఇద్దరు డ్రైవర్లకు వారానికి రెండు రాత్రులు నిద్ర దొరికింది. మనిషి పోయాక పద్ధతి బాగుపడుతుందని పుస్తకాల్లో చదివాను. ఎవరి మనిషి అన్నది అందులో ఉండదు.

అతను వెళ్ళిన రోజు శుక్రవారం. ఉదయం అల్ హైల్‌లో వాళ్ళ రూమ్ ముందు ఆఫీసు కారు ఆగింది. అదే ఇబ్రా కారు, కొత్త డ్రైవరు. తాళ్ళు చుట్టిన రెండు అట్టపెట్టెలు డిక్కీలో పెట్టాం. పెద్దాయన కూడా వచ్చాడు. కడపాయనకు ఎదురుగా నిలబడి నడుము దాకా వంగాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. కడపాయన కంగారుపడి ఆయన భుజాలు పట్టి లేపాడు.

“లేయండి చాచా, లేయండి. మీ తప్పేముంది?”

నాతో ఏమీ అనలేదు. ఎక్కబోయి, అలవాటు పోక, కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వేలు చాచి, “టైరు, ఠీక్,” అన్నాడు. కొత్త డ్రైవరు నవ్వాడు. “అద్దం, ఠీక్.” ఇటు తిరిగేసరికి ఆ వేలు నా మీదికి వచ్చింది. అక్కడ ఆగింది. నేను ఎదురు చూశాను. వేలు దించుకుని కారెక్కాడు.

మిగిలింది కొద్దిగానే ఉంది. చమురు ధర పడిపోయింది. రైలును పక్కన పెట్టారు. మా అధ్యయనం పూర్తయిందో, ఆగిపోయిందో తేలకుండానే బల్లలు ఖాళీ అయ్యాయి. పెద్దాయన గీతల కాగితాన్ని చుట్టుకుని వెళ్ళిపోయాడు. నా నాలుగో అధ్యాయం, గులకరాళ్ళ నుంచి పిల్లల తోట దాకా, ఎవరూ చదవలేదని నాకు రూఢిగా తెలుసు. అందులో ఒక బొమ్మ రెండుసార్లు వచ్చింది, ఒక్కరూ చెప్పలేదు. మూడేళ్ళలో నేను రాసిన వందల పేజీల్లో ఎవరైనా చదివి, వెంటనే అమలు చేసిన కాగితం ఒక్కటే. దాని మీద ఒక గడికి ఎర్ర సున్నా ఉంది.

రెండేళ్ళు దాటాక కడపాయన నంబరు సంపాదించి ఫోన్ చేశాను. మళ్ళీ గల్ఫుకు రావడానికి ఏమైనా సాయం కావాలా అని అడగడానికి. పేరు చెప్పగానే గుర్తుపట్టాడు.

“బాగుండారా సార్? చాచా బాగుండాడా?”

కూతురి చదువు అడిగాను. మూడో సంవత్సరంలో మానేసిందని, మెడికల్ షాపులో కూర్చుంటోందని చెప్పాడు. గల్ఫు మాట ఎత్తితే, “ఇంగ వద్దులే సార్,” అన్నాడు. ఊళ్ళోనే బస్సు నడుపుతున్నాడట. ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీ ఉంది కదా, ఆ కాలేజీ బస్సు. యాభై రెండు సీట్లు. తెల్లారి అయిదుకు మొదటి ట్రిప్పు, పల్లెలన్నీ తిరిగి పిల్లల్ని ఎక్కించుకోవాలి. రాత్రి పెళ్ళిళ్ళ సీజనులో అదే బస్సును బాడుగకు తిప్పుతారు, దానికీ అతనే.

రెండు షీట్లు నా కళ్ళ ముందు కనిపించాయి.

“మరి నిద్ర? యాజమాన్యానికి చెప్పావా భాయ్? ఎప్పుడైనా కళ్ళు మూసుకుపోతే...”

అతను బస్సు ఇంజను ఆపిన చప్పుడు వినిపించింది. తరువాత నెమ్మదిగా, కోపం లేకుండా, చిన్నవాడికి చెప్పినట్టు చెప్పాడు.

“మూసుకుపోతాయి సార్. ఇప్పుడు ఎవురికీ చెప్పను.”